తెర మీద బొమ్మ మొదట ఎక్కడ పడింది?

మాస్టారూ, మీ ప్రశ్నలు మూడు. మీ బడి గోడపత్రికలో "సినిమా పుట్టినరోజు: 1895 డిసెంబరు 28, పారిస్" అని రాశారు. అది తప్పని, అంతకుముందే బెర్లిన్‌లో వేశారని, దానికన్నా ముందే అమెరికాలో ఎడిసన్ చూపించాడని మీ తోటి ఉపాధ్యాయులు అన్నారు. వీటిలో ఏది నిజం? రైలు మీదికి వస్తోందనుకుని జనం హాలు వదిలి పరుగెత్తారన్న కథ ఎంతవరకు నమ్మవచ్చు? ఆ పారిస్ ఆట వేసిన లూమియర్ సోదరులు బొంబాయి ఎప్పుడు వచ్చారు?

నేను ముప్పై ఏళ్లకు పైగా సినిమా హాలులో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశాను. కార్బన్ కడ్డీల వెలుగుతో మొదలుపెట్టి, డిజిటల్ వచ్చి రీళ్లు మూలపడే దాకా అదే గది, అదే కిటికీ. ఈ చరిత్ర మీద ఇష్టం ఆ గదిలోనే పుట్టింది. అందుకని తేదీలకన్నా ముందు యంత్రం గురించి చెబుతాను. యంత్రం అర్థమైతే ఎవరు ముందు అన్న తగవు సగం తీరిపోతుంది.

హాలులో కూర్చున్నవారికి ఫిల్ము ఆగకుండా పరుగెడుతున్నట్టు ఉంటుంది. కానీ మీకు బొమ్మ కనిపించే ప్రతి క్షణమూ ఫిల్ము కదలకుండా నిలబడి ఉంటుంది. ఒక ఫ్రేము, అంటే ఫిల్ము మీది ఒక్క ఫొటో, దీపానికీ లెన్సుకూ మధ్యనున్న గేటులోకి వచ్చి ఆగుతుంది. వెలుగు దాని గుండా తెర మీదికి వెళుతుంది. తర్వాత షట్టర్ ఆ వెలుగును మూస్తుంది. ఆ రెప్పపాటు చీకట్లో ఫిల్ము ఒక్క ఫ్రేము కిందికి జారి మళ్లీ ఆగుతుంది. మేము వేసినప్పుడు ఇది సెకనుకు 24 సార్లు జరిగేది. చేతితో తిప్పే తొలి రోజుల్లో సుమారు 16 సార్లు. ఫిల్మును లాగడం ఎవరైనా చేయగలరు. చిరగకుండా, వణకకుండా, ప్రతిసారీ సరిగ్గా ఒకే చోట ఆపడమే కష్టం. 1890ల్లో ఇన్ని దేశాల్లో ఇంతమంది తలలు బద్దలు కొట్టుకున్నది ఈ ఆగడం గురించే.

ఇప్పుడు ఎడిసన్ సంగతి. ఆయన దగ్గర పనిచేసిన విలియం డిక్సన్ తయారుచేసిన కినెటోస్కోపును 1893 మే 9న బ్రూక్లిన్‌లో జనానికి మొదటిసారి చూపించారు. 1894 ఏప్రిల్ 14న న్యూయార్క్ బ్రాడ్‌వే వీధిలో పది యంత్రాలతో ఒక దుకాణమే తెరిచారు. ఐదు యంత్రాల వరుస చూడటానికి 25 సెంట్లు. అంటే డబ్బు తీసుకుని, ఫిల్ము మీద కదిలే బొమ్మలు చూపించడంలో ఎడిసన్ నిస్సందేహంగా ముందున్నాడు. అయితే అది పెట్టె. పైనున్న కన్నంలోకి ఒక్కొక్కరే వంగి చూడాలి. మన తిరునాళ్లలో పిల్లలు కళ్లానించి చూసే బయోస్కోపు పెట్టెను తలచుకోండి, అదే పద్ధతి. పెట్టెలో ఫిల్ము ఎక్కడా ఆగదు. సన్నటి చీలిక ఉన్న చక్రం ఒకటి తిరుగుతూ ఒక్కో ఫ్రేమును లిప్తకాలం మాత్రమే చూపిస్తుంది. కన్ను దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ కాస్త వెలుగు సరిపోతుంది. అదే బొమ్మను పెద్దది చేసి తెర మీద వేయాలంటే సరిపోదు. ఎడిసన్ దానికోసం పెద్దగా తొందరపడలేదు కూడా. పెట్టెలు బాగా అమ్ముడుపోతున్నాయి. తెర మీద ఒకేసారి అందరికీ చూపిస్తే పెట్టెలెవరు కొంటారన్న వ్యాపార లెక్క ఉండేది.

ఫ్రాన్సులో ఇంకో మనిషి ఉన్నాడు, ఆయన్ను ఎవరూ తలచుకోరు. ఎమిల్ రెనో. 1892 అక్టోబరు 28న పారిస్‌లోని గ్రెవాఁ మైనపుబొమ్మల మ్యూజియంలో ఆయన ఆటలు మొదలుపెట్టాడు. చీకటి గది, తెర, టిక్కెట్టు, సంగీతం, చిన్న కథ, కదిలే బొమ్మలు అన్నీ ఉన్నాయి. అవి ఫొటోలు మాత్రం కావు. ఒక్కో బొమ్మనూ రెనో తన చేత్తో గీసి రంగులు వేసేవాడు. యంత్రాన్నీ తానే తిప్పేవాడు. పాత్ర తలుపు తట్టే చోట ఆగి, వెనక్కి తిప్పి, ప్రేక్షకుల నవ్వును బట్టి ఆటను పొడిగించేవాడు. 1900 వరకు సుమారు ఐదు లక్షల మంది ఆ ఆటలు చూశారు. ఆ తర్వాత ఫొటో బొమ్మల ముందు నిలబడలేక, గుండె విరిగి, తన యంత్రాన్ని పగలగొట్టి, బొమ్మల పట్టీల్లో చాలావాటిని సెన్ నదిలో పడేశాడు. మన తోలుబొమ్మలాట చూసి పెరిగినవాడిని నేను. దీపం ముందు రంగుల తోలును ఆడించిన చేతికీ రెనో చేతికీ చాలా దగ్గరి చుట్టరికం ఉందనిపిస్తుంది. కార్టూన్ సినిమాల వంశవృక్షంలో మొదటి పేరు ఆయనదే. గోడపత్రికలో ఆయనకు రెండు వాక్యాలైనా ఇవ్వండి.

ఇంగ్లండులోని లీడ్స్‌లో లూయీ లె ప్రాన్స్ 1888లోనే ఒక తోటలో నడిచే మనుషులను కెమెరాతో తీశాడు. 1890 సెప్టెంబరులో దిజోఁ పట్టణంలో రైలెక్కి, తర్వాత ఎవరికీ కనిపించలేదు. ఆయన బహిరంగ ప్రదర్శన ఇవ్వలేదు కాబట్టి మీ ప్రశ్నకు బయట ఉంటాడు.

ఇక 1895. ఆ ఒక్క సంవత్సరంలో, ఒకరి పని ఒకరికి సరిగా తెలియకుండానే, కనీసం నాలుగు బృందాలు తెర మీద ఫొటో బొమ్మలు కదిలించాయి. మీ తోటి ఉపాధ్యాయులు చెప్పిన బెర్లిన్‌కన్నా ముందు న్యూయార్క్ ఉంది. వుడ్‌విల్ లాథమ్ అనే ఆయన, ఆయన ఇద్దరు కొడుకులు 1895 మే 20 నుంచి బ్రాడ్‌వేలోని ఒక చిన్న గదిలో టిక్కెట్టు పెట్టి బాక్సింగ్ పోటీ బొమ్మ వేశారు. డబ్బిచ్చిన జనం ముందు, తెర మీద, ఫిల్ము బొమ్మ అన్నదే కొలమానం అయితే ఈ తేదీ పారిస్‌కన్నా ఏడు నెలలు ముందు. దీన్ని కాదనడానికి వీల్లేదు. కానీ వాళ్ల ప్రొజెక్టరులో ఫిల్ము ఎడిసన్ పెట్టెలోలాగే ఆగకుండా నడిచేది. బొమ్మ మసకగా, వణుకుతూ పడింది. ఆ వ్యాపారం నిలబడలేదు.

అయినా లాథమ్ పేరు ప్రపంచంలోని ప్రతి ఆపరేటరుకూ రోజూ పనికొచ్చింది. పెద్ద రీలు బరువుగా ఉంటుంది. గేటు దగ్గర ఫిల్మును సెకనుకు పదహారు సార్లు కుదుపుతూ ఉంటే, ఆ కుదుపు రీలు దాకా పాకి ఫిల్ము తెగుతుంది. అందుకని గేటుకు పైన కొంచెం, కింద కొంచెం ఫిల్మును వదులుగా వంపు తిరిగేలా ఉంచుతాం. కుదుపంతా ఆ వంపే మింగేస్తుంది, రీలు మాత్రం నింపాదిగా తిరుగుతుంది. దీన్ని లూపు అంటాం, పుస్తకాల్లో లాథమ్ లూపు అని ఉంటుంది. వాళ్ల కెమెరాలో ఈ లూపు ఉండబట్టే నిమిషం దాటిన బాక్సింగ్ పోటీని ఏకధాటిగా తీయగలిగారు. నేను పనిలో చేరిన కొత్తలో మా పెద్ద ఆపరేటరు నాకు నేర్పిన మొదటి పాఠం లూపు ఎంత వదులుగా ఉండాలన్నదే. అది పోతే తెర మీద బొమ్మ గంతులేస్తుంది, నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా ఈలలు మొదలవుతాయి.

బెర్లిన్‌లో మాక్స్, ఎమిల్ స్క్లాడనోవ్‌స్కీ అన్నదమ్ములు 1895 నవంబరు 1న వింటర్‌గార్టెన్ అనే పెద్ద వినోదశాలలో ఆటపాటల కార్యక్రమం చివరి అంశంగా తమ బయోస్కోప్ చూపించారు. కంగారూతో బాక్సింగ్, పిల్లల నృత్యం, అలాంటి ముక్కలు. ఒక్కోటి కొన్ని సెకన్లే కాబట్టి మళ్లీ మళ్లీ తిప్పేవారు. ఆగడం అన్న సమస్యను వాళ్లు వింతగా దాటారు. రెండు ఫిల్ము పట్టీలు, రెండు లెన్సులు పెట్టి, ఒక పట్టీలో ఫ్రేము కనిపిస్తుండగా రెండోది జరిగేలా అమర్చారు. తెలివైన పనే, కానీ బరువైన, పొందిక లేని యంత్రం. జనవరిలో పారిస్‌లో వాళ్ల ఆటలు మొదలుకావలసి ఉండగా, లూమియర్ల ప్రదర్శన తర్వాత ఆ ఒప్పందం రద్దయింది. ఐరోపాలో టిక్కెట్టు మీద తెర మీద ఫొటో బొమ్మలు వేసింది వీళ్లే ముందు. మీ తోటి ఉపాధ్యాయుల మాటలో న్యాయం ఉంది.

మరి డిసెంబరు 28కి అంత పేరెందుకు? లియాఁ నగరంలో లూమియర్ల కుటుంబానికి ఫొటో ప్లేట్లు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. పారిస్‌కు వచ్చిన ఎడిసన్ పెట్టెను తండ్రి ఆంత్వాన్ 1894లో చూసి కొడుకులు ఆగస్త్, లూయీలకు చెప్పాడు. ఫిల్మును ఎలా ఆపాలన్న చిక్కుముడిని లూయీ ఒక రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తూ విప్పాడని తర్వాత చెప్పుకున్నారు. కుట్టుమిషనులో గుడ్డ ఎలా నడుస్తుందో గమనించండి. కుట్టు కుట్టుకూ కాస్త జరుగుతుంది, ఆగుతుంది. అదే సూత్రం. రెండు చిన్న కొక్కేలు ఫిల్ము అంచుల్లోని రంధ్రాల్లో దూరి, కిందికి లాగి, బయటికి వచ్చి, పైకి వెళ్లి మళ్లీ దూరుతాయి. కొక్కేలు బయట ఉన్నంతసేపూ ఫిల్ము నిశ్చలంగా ఉంటుంది. 1895 ఫిబ్రవరి 13న పేటెంటు తీసుకున్నారు. చేతిలో పట్టుకుని తిరగగల చిన్న చెక్కపెట్టె అది. దానితోనే బొమ్మ తీయవచ్చు, ప్రింటు వేయవచ్చు, వెనక దీపం పెట్టి తెర మీద చూపించవచ్చు. మార్చి 22న పారిస్‌లో ఒక పారిశ్రామిక సంఘం సభ్యులకు ఫ్యాక్టరీ నుంచి కార్మికులు బయటికి వచ్చే బొమ్మ చూపించారు. అది ఆహ్వానితులకే కాబట్టి బహిరంగ ప్రదర్శనగా లెక్కించరు. సినిమటోగ్రాఫ్ అన్న పేరు కూడా వాళ్లు పెట్టింది కాదు. లెయోఁ బూలీ అనే ఆయన 1892లోనే తన పరికరానికి ఆ పేరు పెట్టుకున్నాడు.

డిసెంబరు 28, శనివారం. పారిస్‌లో బులెవార్ దె కపుసీన్ వీధి 14వ నంబరు, గ్రాండ్ కఫే భూగర్భ గది. దాని పేరు సలోన్ ఇండియన్, అంటే ఇండియన్ హాలు. ఏర్పాట్లన్నీ తండ్రి ఆంత్వాన్‌వి. వసూళ్లలో 20 శాతం ఇస్తామంటే కఫే యజమాని నమ్మకం లేక వద్దని, రోజుకు 30 ఫ్రాంకుల అద్దె చాలన్నాడు. టిక్కెట్టు ఒక ఫ్రాంకు. వచ్చినవారు 33 మంది. ఒక్కోటి యాభై సెకన్లకు కాస్త అటూ ఇటూగా ఉండే పది బొమ్మలు వేశారు. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చే కార్మికులు, గుర్రమెక్కడం నేర్చుకునే సైనికుడు, కమ్మరులు, నీళ్ల గొట్టంతో తోటమాలిని తడిపే అల్లరి పిల్లవాడు, పాపకు తినిపించే అమ్మానాన్నలు, సముద్రంలోకి దూకే పిల్లలు, ఇలాంటివి. హ్యాండిల్ తిప్పినవాడు ఫ్యాక్టరీ మెకానిక్ షార్ల్ మ్వాసొన్. యంత్రం తొలి నమూనా చేసింది కూడా ఆయనే. నా వృత్తికి ఆయన్ను ఆదిపురుషుడిగా భావిస్తాను.

ఆ రాత్రి ప్రేక్షకుల్లో ఇంద్రజాలికుడు జార్జ్ మెలియె ఉన్నాడు. ముందు తెర మీద కదలని వీధి ఫొటో ఒకటి కనిపించిందని, ఇలాంటివి గాజు పలక మీది బొమ్మను తెర మీద వేసే మ్యాజిక్ లాంతరుతో తానే ఎప్పటి నుంచో వేస్తున్నానని అనుకునేలోగా, బండి లాగే గుర్రం తమ వైపు నడవడం మొదలుపెట్టిందని ఆయన తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఆట కాగానే యంత్రం అమ్మమని అడిగాడు. ఆంత్వాన్ ఇవ్వలేదు. మెలియె లండన్ వెళ్లి రాబర్ట్ పాల్ దగ్గర ప్రొజెక్టర్ కొనుక్కుని, తర్వాత తెర మీద మాయలన్నీ కనిపెట్టాడు. రెండు రోజులకు ఒక పారిస్ పత్రిక, ఇలాంటి యంత్రాలు జనం చేతికి వస్తే మరణానికి కూడా ఇక సంపూర్ణత ఉండదని రాసింది. పోయినవారు కదులుతూ కనిపిస్తారని దాని భావం. కొన్ని వారాల్లోనే ఆ కఫే ముందు వీధి పొడవునా క్యూలు కట్టారు.

అందుకని నా తీర్పు ఇది. డిసెంబరు 28 మొట్టమొదటి ప్రదర్శన తేదీ కాదు. కానీ ఆ సాయంత్రం మొదలైన ఆట ఆగలేదు. లాథమ్‌ల దారి మధ్యలో ఆగిపోయింది, బెర్లిన్ వారి దారి కూడా. ఈ చిన్న పెట్టె మాత్రం ఆరు నెలల్లో లండన్, న్యూయార్క్, సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరింది. మీ గోడపత్రికలో "లూమియర్ల తొలి టిక్కెట్టు ప్రదర్శన" అని దిద్దండి, పక్కన బెర్లిన్, న్యూయార్క్ తేదీలు కూడా వేయండి. ఇలాంటి దిద్దుబాట్లు మనకు కొత్త కాదు. మన తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1931 సెప్టెంబరు 15న వచ్చిందని దశాబ్దాల పాటు రాసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ సెన్సారు వివరాలు, పాత పత్రికలు వెతికి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని నిరూపించారు.

రెండో ప్రశ్న, రైలు. రైలు బొమ్మ మొదటి రోజు వేసిన పదింటిలో లేనే లేదు. అది 1896 జనవరిలో చేరింది. జనం కేకలు వేస్తూ పారిపోయారని ఆనాటి పారిస్ పత్రికల్లో ఎక్కడా లేదు. ఈ విషయాన్ని లోతుగా పరిశీలించిన చరిత్రకారులు అది తర్వాత పెరిగిన కథ అంటున్నారు. కథకు విత్తనం ఎక్కడో ఉంది. అదే ఏడాది జులైలో రష్యాలో ఈ బొమ్మలు చూసిన మాక్సిమ్ గోర్కీ, రైలు మన మీదికే దూసుకొస్తున్నట్టుంటుందని, కానీ అది నీడల రైలు మాత్రమేనని రాశాడు. జనం ఉలిక్కిపడి ఉంటారు, కాస్త వెనక్కి వాలి ఉంటారు. దాన్ని నేను నమ్ముతాను. పరుగు మాత్రం నమ్మను. వాళ్లు మ్యాజిక్ లాంతర్లు, నాటకశాలల కనికట్లు చూసి ఆరితేరిన నగరవాసులు. వాళ్లను అమాయకులుగా చూపించే ఈ కథను పిల్లలకు చెప్పకండి.

నిజంగా పరుగెత్తవలసిన ఘటన ఒకటి జరిగింది. 1897 మే 4న పారిస్‌లో బజార్ ద లా షారితే అనే దాతృత్వ సంతలో సినిమా వేస్తుండగా, ఈథర్‌తో వెలిగే దీపంలో ఇంధనం నింపే సమయంలో అగ్గిపుల్ల గీశారు. చెక్క, గుడ్డ, కాగితంతో కట్టిన ఆ మండపం నిమిషాల్లో కాలిపోయింది. 120 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది స్త్రీలు. ఆనాటి నైట్రేట్ ఫిల్ము కూడా అంటుకుంటే ఆరేది కాదు. తర్వాతి కాలంలో ప్రొజెక్టరు గదికి మందపాటి గోడలు, కిటికీకి ఇనుప తలుపు, బయట ఇసుక బకెట్లు తప్పనిసరి కావడానికి కారణం ఇలాంటి ప్రమాదాలే. ఆ బకెట్లను నేను ప్రతి ఉదయం చూసుకునేవాడిని.

మూడో ప్రశ్న. లూమియర్ సోదరులు బొంబాయి రాలేదు. తెలుగు వ్యాసాల్లో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది. వచ్చినవాడు వాళ్ల ప్రతినిధి మారియస్ సెస్టియర్. ఆస్ట్రేలియా వెళ్తూ మధ్యలో బొంబాయిలో దిగి, 1896 జులై 7న వాట్సన్ హోటల్లో ఆరు బొమ్మలు వేశాడు. ఆ ఆరింటిలో రైలు ఉంది, ఫ్యాక్టరీ కార్మికులూ ఉన్నారు. ప్రవేశం ఒక రూపాయి. అప్పట్లో అది మామూలు కూలికి కొన్ని రోజుల సంపాదన. వారం తిరిగాక ఆటలు నావెల్టీ థియేటరుకు మారాయి, అక్కడ తక్కువ ధర సీట్లు, పరదా పాటించే స్త్రీలకు వేరే బాక్సులు పెట్టారు. నాకు ఆ నావెల్టీ తేదీ కూడా ముఖ్యమే, నాలుగు అణాలవాడు లోపలికి వచ్చింది అప్పుడే కాబట్టి.

కొద్దికాలానికే మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులోనూ బొమ్మలు పడ్డాయి. 1910 ప్రాంతంలో అదే హాలులో బొమ్మతో పాటు గ్రామఫోను శబ్దాన్ని జోడించే క్రోనోమెగాఫోన్ యంత్రంతో ఆటలు వేసినవాడు మన బందరు మనిషి రఘుపతి వెంకయ్య. ఫొటో స్టూడియో నడుపుకునే ఆయన ఆ యంత్రం తెప్పించి, గుడారం వేసి ఊరూరా తిరిగి, సముద్రం దాటి సింహళం, బర్మాలకు కూడా వెళ్లి బొమ్మలు చూపించాడు. తర్వాత మద్రాసులో గెయిటీ హాలు కట్టాడు. మన పల్లెల్లో తిరిగిన డేరా హాళ్లకు ఆ గుడారమే తాత.

చివరగా, మీరు పిల్లలకు ఒక బొమ్మ చూపిస్తే బాగుంటుంది. పాపకు తినిపించే బొమ్మ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, నిమిషం కూడా ఉండదు. గది చీకటి చేయండి. ఫోనులో ఒక్కొక్కరికి కాకుండా గోడ మీద అందరికీ కలిపి వేయండి. మొదట ఫ్రేమును కదలకుండా ఆపి ఉంచి, ఇది ఫొటో అని చెప్పండి. వాళ్లు చూసి విసుగు చెందే దాకా ఆగండి. తర్వాత నడపండి. పాపను అందరూ చూస్తారు. రెండోసారి వేసేటప్పుడు పాప వెనుక గాలికి ఊగే చెట్ల ఆకులను చూడమనండి. 1895లో చూసినవారిలో కొందరు అన్నిటికన్నా ఎక్కువగా ఆశ్చర్యపోయింది ఆ ఆకులను చూసే. మీ పిల్లలు ఏమన్నారో ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.